తైవాన్ చిప్‌లు, చైనా మందగమనం: యుద్ధ ప్రమాదాన్ని పెంచేదేది, ఆపేదేది?

సంక్షిప్తంగా: ఆర్థిక వ్యవస్థ బలహీనపడినంత మాత్రాన ఏ దేశమూ యుద్ధానికి దిగదు. ఆ బలహీనతను ప్రత్యర్థి వాడుకుంటాడన్న అనుమానం, కాలం గడిచేకొద్దీ పరిస్థితి మరింత దిగజారుతుందన్న భయం తోడైనప్పుడే అది ప్రమాదకరంగా మారుతుంది. తైవాన్‌లోని చిప్ కర్మాగారాల వల్ల ఆ జలసంధిలో యుద్ధం విపరీతంగా ఖరీదైపోయింది. అయితే ఆ ఖరీదు అందరికీ సమానం కాదు, ఎప్పటికీ ఒకేలా ఉండేదీ కాదు. చైనా, అమెరికా రెండూ తైవాన్‌పై ఆధారపడటాన్ని తగ్గించుకుంటున్న ఈ దశాబ్దమే అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన కాలం.

తైవాన్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ రెండు వాదనలు వినిపిస్తాయి. చైనా ఆర్థిక వ్యవస్థ నెమ్మదిస్తోంది కాబట్టి ప్రజల దృష్టి మళ్లించడానికి అక్కడి నాయకత్వం యుద్ధానికి దిగవచ్చన్నది మొదటిది. ప్రపంచంలోని అత్యాధునిక చిప్‌లలో అత్యధిక భాగం తైవాన్‌లోనే తయారవుతున్నాయి కాబట్టి ఆ ద్వీపం జోలికి ఎవరూ పోలేరన్నది రెండోది. ఒకటి యుద్ధం తప్పదంటుంది, మరొకటి యుద్ధం రాదంటుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నా, రెండూ ఒక ముఖ్యమైన విషయాన్ని వదిలేస్తున్నాయి. యుద్ధంపై నిర్ణయం తీసుకునేవారు ఇవాళ్టి లాభనష్టాలతో సరిపెట్టుకోరు. ఐదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత తమ దేశం ఇప్పటికన్నా బలంగా ఉంటుందా, బలహీనంగా ఉంటుందా అని కూడా లెక్కవేసుకుంటారు. మందగమనమైనా, చిప్‌ల కోసం ఇతరులపై ఆధారపడటమైనా యుద్ధం మీద ప్రభావం చూపేది ప్రధానంగా ఈ అంచనా ద్వారానే.

బలహీనపడిన దేశాలన్నీ యుద్ధానికి దిగవు

ఇంటి గొడవను కప్పిపుచ్చుకోవడానికి పాలకులు బయట యుద్ధం తెచ్చుకుంటారన్న వాదనకు ఎక్కువమంది చూపే ఉదాహరణ అర్జెంటీనా. 1982 నాటికి అక్కడ ద్రవ్యోల్బణం 100 శాతం దాటింది. జీతాల విలువ కరిగిపోయింది, సైనిక పాలకుల మీద జనంలో భయం తగ్గి కోపం పెరిగింది. ఆ ఏడాది మార్చి 30న కార్మిక సంఘాలు రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్లాజా డి మాయో కూడలికి ఊరేగింపుగా బయలుదేరితే పోలీసులు విరుచుకుపడి పెద్ద సంఖ్యలో అరెస్టులు చేశారు. మూడు రోజులకు, ఏప్రిల్ 2న, బ్రిటన్ అధీనంలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్లో అర్జెంటీనా సేనలు దిగాయి. అదే కూడలి మళ్లీ జనంతో నిండింది. ఈసారి వాళ్లు అధ్యక్ష భవనం బాల్కనీలో నిలబడిన సైనిక పాలకుడు జనరల్ గాల్టియెరికి జేజేలు పలికారు. ఆ సంబరం మూడు నెలలు కూడా నిలవలేదు. జూన్ 14న దీవుల్లోని సేనలు లొంగిపోయాయి, కొద్ది రోజుల్లోనే గాల్టియెరి పదవి పోయింది.

దృశ్యం ఎంత స్పష్టంగా ఉన్నా, దాని నుంచి తేల్చాల్సింది అంత సులువు కాదు. దీవులపై దాడికి పథకం మార్చి 30 నిరసనకు చాలా ముందే, నౌకాదళం ఒత్తిడితో తయారైంది. ఆ ప్రాంతంలో గస్తీ తిరిగే ఎండ్యూరెన్స్ నౌకను ఉపసంహరించుకుంటామని బ్రిటన్ 1981లో ప్రకటించడంతో, లండన్‌కు ఆ దీవులను కాపాడుకునే ఆసక్తి లేదని అర్జెంటీనా పాలకులు భావించారు. అంటే ఆర్థిక సంక్షోభం ఒక్కటే వారిని యుద్ధానికి నెట్టలేదు. అవతలివాడు ఎదురు తిరగడన్న అంచనా దానికి తోడైంది, ఆ అంచనా తప్పింది.

చైనా చరిత్రలోనే ఇంతకన్నా మంచి పాఠం దొరుకుతుంది. 'గ్రేట్ లీప్ ఫార్వర్డ్' విధానాలు తెచ్చిపెట్టిన కరవు 1959 నుంచి 1961 వరకు కోట్ల మంది ప్రాణాలు తీసింది. ఆధునిక చైనా అంతగా నీరసించిన సందర్భం మరొకటి లేదు. దృష్టి మళ్లించే యుద్ధం అనే సిద్ధాంతం ప్రకారం ఆ కాలంలో చైనా అన్ని సరిహద్దుల్లోనూ కయ్యానికి దిగి ఉండాలి. జరిగింది వేరు. 1960లో బర్మాతో, 1961లో నేపాల్‌తో, 1962లో ఉత్తర కొరియాతో, మంగోలియాతో, 1963లో పాకిస్తాన్‌తో, అఫ్గానిస్థాన్‌తో సరిహద్దు ఒప్పందాలు కుదుర్చుకుంది. చాలా చోట్ల తాను కోరుతున్న భూమిలో కొంత వదులుకుంది కూడా. ఇల్లు చక్కదిద్దుకోవాల్సిన వేళ చుట్టుపక్కల శత్రువులు ఎంత తక్కువగా ఉంటే అంత మేలన్నది నాటి తర్కం.

అదే కాలంలో, 1962 అక్టోబరులో, భారత్‌తో మాత్రం యుద్ధానికి దిగింది. తేడా ఎక్కడుంది? 1959 టిబెట్ తిరుగుబాటు తర్వాత, తన బలహీనతను అదనుగా తీసుకుని టిబెట్‌పై పట్టు సడలించాలని భారత్ చూస్తోందని బీజింగ్ అనుమానించింది. ఆ అనుమానం ఎంతవరకు నిజమన్నది వేరే చర్చ. అది ఉండటమే ఫలితాన్ని మార్చింది.

ఆ ఏడాదే తైవాన్ జలసంధిలో జరిగిన మరో ఘటన గురించి తక్కువమందికి తెలుసు. చైనా కరవుతో కుంగిపోయి ఉందని గ్రహించిన తైవాన్ పాలకుడు చియాంగ్ కై షేక్, ప్రధాన భూభాగంపై దాడికి ఇదే సమయమని సన్నాహాలు మొదలుపెట్టాడు. బీజింగ్ కంగారుపడి ఎదురుగా ఉన్న ఫుజియాన్ తీరానికి పెద్ద ఎత్తున సేనలను తరలించింది. 1962 జూన్‌లో వార్సాలో జరిగిన రాయబారుల సమావేశంలో, అలాంటి దాడికి తమ మద్దతు ఉండదని అమెరికా చైనాకు స్పష్టం చేసింది. ఉద్రిక్తత సద్దుమణిగింది. చైనా ఆర్థిక పరిస్థితి ఒక్క రోజులో మెరుగుపడలేదు. మారిందల్లా ఆ పరిస్థితిని ప్రత్యర్థి వాడుకోబోవడం లేదన్న నమ్మకం.

సోవియట్ యూనియన్ అనుభవమూ ఇదే చెబుతుంది. 1980ల మధ్యలో చమురు ధరలు పడిపోయి ఖజానా ఒట్టిపోయినప్పుడు మాస్కో కొత్త యుద్ధాలు వెతుక్కోలేదు. 1989 ఫిబ్రవరికి అఫ్గానిస్థాన్ నుంచి వైదొలిగింది, అదే ఏడాది తూర్పు ఐరోపా చేజారుతున్నా సైన్యాన్ని దించలేదు.

కాలం కలిసిరాదన్న భయం

బలహీనత కన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ఇప్పుడు బలంగానే ఉన్నాం, రేపు ఉండబోం అన్న భయం అది. 1914లో జర్మనీ ఆర్థికంగా బలహీన దేశం కాదు. ఐరోపాలో వేగంగా ఎదుగుతున్న పెద్ద పారిశ్రామిక శక్తి. బ్రిటన్‌తో దానికి విస్తారమైన వాణిజ్యం ఉండేది. అయినా రష్యా సైనిక విస్తరణ 1917 నాటికి పూర్తవుతుందని, ఆ తర్వాత యుద్ధం వస్తే గెలవలేమని జర్మన్ సైనికాధికారులు లెక్కలు కట్టారు. వాణిజ్యం వల్ల కలిగే లాభం ఆ భయాన్ని ఆపలేకపోయింది.

1941లో జపాన్ పరిస్థితి ఇంకా తీవ్రమైనది. తనకు కావాల్సిన చమురులో దాదాపు ఐదింట నాలుగు వంతులు అమెరికా నుంచే తెచ్చుకునేది. జపాన్ సేనలు ఇండోచైనా దక్షిణ భాగంలోకి వెళ్లడంతో ఆ ఏడాది జులైలో అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, ఆగస్టు నాటికి చమురు సరఫరా ఆగిపోయింది. అక్టోబరులో జరిగిన సమావేశంలో జపాన్ నౌకాదళాధిపతి నగానో, తమ నౌకాదళం గంటకు 400 టన్నుల చమురు ఖర్చు చేస్తోందని గుర్తుచేశాడు. ఆ లెక్కలో నిర్ణయమంతా ఇమిడి ఉంది. చర్చలకు వెచ్చించే ప్రతి రోజూ యుద్ధ సామర్థ్యం తరిగిపోతోంది కాబట్టి, ఆగడం కన్నా దిగడమే మేలన్న వాదన నెగ్గింది. అమెరికా ఆర్థిక బలం తమకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని వారికి తెలుసు. తెలిసే దిగారు.

నేడు చైనాపై చిప్ ఆంక్షలను చాలామంది ఈ చమురు నిషేధంతో పోలుస్తారు. పోలిక సగం వరకే నిలుస్తుంది. చమురు ఆగితే ఓడలు కదలవు, విమానాలు ఎగరవు. అత్యాధునిక చిప్‌లు ఆగితే కృత్రిమ మేధ పరిశోధన, కొత్త ఫోన్లు, సూపర్ కంప్యూటర్లు వెనకబడతాయి గానీ దేశం స్తంభించిపోదు. గంటకు ఇంత చొప్పున కరిగిపోయే నిల్వ ఇక్కడ లేదు. ఇంతకన్నా పెద్ద తేడా మరొకటి ఉంది. దాని కోసం కర్మాగారం లోపలికి వెళ్లి చూడాలి.

చమురు బావిలా ఫ్యాబ్‌ను గుంజుకోవడం కుదరదు

జపాన్ నాడు కన్నేసిన డచ్ ఈస్ట్ ఇండీస్ (నేటి ఇండోనేషియా) చమురు క్షేత్రాలను వెళ్లిపోయేవారు ధ్వంసం చేసినా, ఆక్రమించినవారు కొన్ని నెలల్లోనే చాలావాటిని బాగుచేసుకుని చమురు తోడుకోగలిగారు. చిప్ తయారీ కర్మాగారం, అంటే ఫ్యాబ్, ఆ కోవలోకి రాదు.

అత్యాధునిక ఫ్యాబ్‌లో కీలకమైనది ఈయూవీ లితోగ్రఫీ యంత్రం, అంటే ఒక రకం అతినీలలోహిత కాంతితో చిప్ మీద అతి సన్నని గీతలు గీసేది. దాని లోపల కరిగించిన తగరం బిందువులు సెకనుకు 50,000 చొప్పున రాలుతుంటాయి. జుట్టు మందం కన్నా చిన్నవైన ఆ బిందువుల్లో ఒక్కొక్కదాన్నీ లేజర్ గురి తప్పకుండా రెండుసార్లు కొడుతుంది. మొదటి దెబ్బకు బిందువు పలచటి బిళ్లలా పరుచుకుంటుంది, రెండో దెబ్బకు ఆవిరై ప్లాస్మాగా మారి 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతిని గాలి సైతం పీల్చేసుకుంటుంది కాబట్టి పనంతా శూన్యంలోనే జరగాలి. మామూలు కటకాలు పనికిరావు కాబట్టి జర్మనీకి చెందిన జైస్ సంస్థ తయారుచేసే అద్దాల మీదుగా ఆ కాంతిని మళ్లించి సిలికాన్ వేఫర్ (చిప్‌లు తయారయ్యే పలచటి పలక) మీద గీతలు గీస్తారు. ఈ యంత్రాన్ని ప్రపంచంలో తయారుచేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. దాన్ని కంటైనర్ల కొద్దీ విడిభాగాలుగా తెచ్చి నెలల తరబడి బిగిస్తారు, ఆ తర్వాత కూడా కంపెనీ ఇంజినీర్లు కనిపెట్టుకుని ఉంటేనే అది సవ్యంగా నడుస్తుంది.

ఇది ఒక్క మెట్టు మాత్రమే. ఒక వేఫర్ పూర్తయ్యేలోపు వెయ్యికి పైగా దశలు దాటాలి, దానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా అమెరికాది. గీతలు గీయడానికి వాడే ఫోటోరెసిస్ట్ రసాయనాల్లో అత్యధిక భాగం జపాన్ కంపెనీలవి. వీటన్నిటినీ ఒక లయలో నడిపే అనుభవం తైవాన్ ఇంజినీర్లది. వీటిలో ఏ ఒక్కటి ఆగినా భవనాలు మిగులుతాయి, చిప్‌లు మిగలవు. బలప్రయోగంతో తైవాన్ చిప్ తయారీ దిగ్గజం టీఎస్ఎంసీని ఎవరూ నడపలేరని ఆ సంస్థ అప్పటి చైర్మన్ మార్క్ లియు 2022లో చెప్పడం వెనక ఉన్న విషయం ఇదే. కాబట్టి చిప్ కర్మాగారాల కోసం చైనా తైవాన్‌ను ఆక్రమిస్తుందన్న వాదనలో పస లేదు.

ఆ వాదన చరిత్రకు కూడా సరిపోదు. తైవాన్‌ను తనలో కలుపుకోవాలన్న బీజింగ్ లక్ష్యం 1949 నాటిది. 1954లో, 1958లో తైవాన్ అధీనంలోని కిన్‌మెన్ ద్వీపంపై చైనా ఫిరంగులు మోగాయి. తొలి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది ఆ 1958లోనే. మోరిస్ చాంగ్ ఆధ్వర్యంలో టీఎస్ఎంసీ మొదలైంది 1987లో. శాంతియుత విలీనానికి దారులన్నీ మూసుకుపోతే బలప్రయోగం చేయవచ్చని చైనా 2005లో చట్టం చేసినప్పుడు కూడా అందులో ప్రధానాంశం సార్వభౌమత్వమే. అందువల్ల చిప్‌లు ఈ వివాదానికి కారణం కాదు. వివాదం ఎప్పుడు, ఏ రూపంలో ముదురుతుంది, ముదిరితే ఎవరికి ఎంత నష్టం అన్నవాటినే అవి ప్రభావితం చేస్తాయి.

చైనా ఎంత బలహీనపడింది?

బలహీనత ఉన్నమాట నిజం. 2020లో స్థిరాస్తి సంస్థల అప్పులపై ప్రభుత్వం పరిమితులు విధించాక, 30,000 కోట్ల డాలర్లకు పైగా బకాయిలున్న ఎవర్‌గ్రాండ్ 2021 డిసెంబరులో చెల్లింపులు ఎగవేసింది. 2024 జనవరిలో హాంకాంగ్ న్యాయస్థానం దాన్ని మూసివేయాలని ఆదేశించింది. చైనా కుటుంబాల పొదుపులో పెద్ద భాగం ఇళ్లలోనే ఉంది కాబట్టి ధరలు పడిపోయేకొద్దీ కొనుగోళ్లు తగ్గాయి. యువతలో నిరుద్యోగం 2023 జూన్‌లో 21.3 శాతానికి చేరడంతో అధికారులు ఆ గణాంకాల ప్రచురణను కొన్ని నెలలు ఆపి, లెక్కించే పద్ధతి మార్చాక మళ్లీ మొదలుపెట్టారు. 2022లో జనాభా తగ్గింది, 1961 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

మరోవైపు ప్రపంచ తయారీ ఉత్పత్తిలో చైనా వాటా దాదాపు 30 శాతం. 2024లో దాని వాణిజ్య మిగులు లక్ష కోట్ల డాలర్లకు చేరువైంది. వృద్ధి నెమ్మదించినా రక్షణ బడ్జెట్ మాత్రం 2023, 2024, 2025 మూడేళ్లూ 7.2 శాతం చొప్పున పెరిగింది. కుటుంబాల ఖర్చు, పెళ్లీడు యువత సంఖ్య, స్థానిక ప్రభుత్వాల ఆదాయం తగ్గుతున్నాయి. ఓడలు, క్షిపణులు, కర్మాగారాలు పెరుగుతున్నాయి. ఒకే దేశంలో రెండు దిశల ప్రయాణం ఇది. సైనిక బలం శిఖరానికి చేరే సమయంలోనే దాని వెనకున్న జనాభా, ఆర్థిక పునాది కుంగడం మొదలైతే 1914 నాటి జర్మనీ తరహా లెక్కలకు చోటు ఏర్పడుతుంది. అయితే బీజింగ్ నాయకత్వం తమ దేశం వెనకబడుతోందని బహిరంగంగా ఎక్కడా అనడం లేదు. తూర్పు ఎదుగుతోంది, పశ్చిమం క్షీణిస్తోంది అన్నదే వారు పదేపదే చెప్పే మాట. ఆ నమ్మకం నిజంగా ఉన్నంతకాలం అది వేచి ఉండటానికి కారణమవుతుంది. 2027 కల్లా సిద్ధంగా ఉండాలని చైనా సైన్యానికి ఆదేశాలున్నాయని అమెరికా అధికారులు చెబుతున్నారు. సిద్ధంగా ఉండటం వేరు, యుద్ధానికి నిర్ణయించుకోవడం వేరు.

సిలికాన్ కవచానికి రెండు వైపులు

తైవాన్ చిప్‌లు ఆ ద్వీపాన్ని కాపాడుతున్నాయన్న భావనకు 'సిలికాన్ కవచం' అన్న పేరు స్థిరపడింది. ఇందులో నిజానికి రెండు విడి వాదనలున్నాయి. తైవాన్‌పై యుద్ధం వస్తే చైనా పరిశ్రమలే చిప్‌లు లేక మూతపడతాయి కాబట్టి చైనా వెనకాడుతుందన్నది ఒకటి. అమెరికా, జపాన్, ఐరోపా పరిశ్రమలు కూడా మూతపడతాయి కాబట్టి ఆ దేశాలు తైవాన్‌కు అండగా నిలుస్తాయన్నది రెండోది. ప్రస్తుతం ఈ రెండూ పలచబడుతున్నాయి, అదీ వేర్వేరు వేగాలతో.

మొదటి వైపు చూద్దాం. చమురు కన్నా చిప్‌ల దిగుమతికే చైనా ఎక్కువ ఖర్చు పెడుతోంది, 2021లో ఆ ఖర్చు 40,000 కోట్ల డాలర్లు దాటింది. 2020లో అమెరికా నిబంధనల కారణంగా చైనా ఫోన్ల సంస్థ హువావేకు టీఎస్ఎంసీ చిప్‌లు ఆగిపోయాయి. 2022 అక్టోబరు 7న అమెరికా ప్రకటించిన ఆంక్షలు అత్యాధునిక చిప్‌లకు, వాటి తయారీ యంత్రాలకు వర్తించాయి. 2023లో నెదర్లాండ్స్, జపాన్ కూడా తమ యంత్రాల ఎగుమతిపై పరిమితులు పెట్టాయి. ఈయూవీ యంత్రం ఒక్కటి కూడా చైనాకు చేరలేదు. అయినా 2023లో హువావే 'మేట్ 60 ప్రో' ఫోన్‌లో చైనా సంస్థ ఎస్ఎంఐసీ పాత తరం యంత్రాలతో తయారుచేసిన 7 నానోమీటర్ల చిప్ కనిపించింది (ఈ సంఖ్య ఎంత చిన్నదైతే చిప్ అంత ఆధునికం). 2024 మేలో చైనా ప్రభుత్వం 34,400 కోట్ల యువాన్లతో మూడో విడత చిప్ నిధిని ఏర్పాటుచేసింది.

ఇక్కడ ఆంక్షలు పెట్టినవారి ఉద్దేశానికి, వాటి ఫలితానికి మధ్య వైరుధ్యం ఉంది. యుద్ధం వల్ల కలిగే నష్టం ఒక దేశాన్ని ఆపాలంటే ఆ దేశానికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. తైవాన్‌లో తయారయ్యే అత్యుత్తమ చిప్‌లు చైనాకు ఎలాగూ అందనప్పుడు, యుద్ధంలో ఆ కర్మాగారాలు ఆగిపోతే చైనా కొత్తగా కోల్పోయేది తక్కువ, అమెరికా కోల్పోయేది ఎక్కువ. ఆంక్షలు చైనా సైనిక సామర్థ్యాన్ని నెమ్మదింపజేస్తాయి, దానివల్ల ప్రమాదం తగ్గుతుంది. అవే ఆంక్షలు యుద్ధాన్ని చైనాకు చవకగా మారుస్తాయి, దానివల్ల ప్రమాదం పెరుగుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. మొదటి ప్రభావం గురించి వాషింగ్టన్‌లో జరిగినంత చర్చ రెండోదాని గురించి జరగకపోవడం పెద్ద లోటు.

ఇక రెండో వైపు. 2022 ఆగస్టులో అమెరికా చేసిన చిప్స్ చట్టం 5,270 కోట్ల డాలర్లు కేటాయించింది. అరిజోనాలో టీఎస్ఎంసీ పెట్టుబడి 2020లో ప్రకటించిన 1,200 కోట్ల డాలర్ల నుంచి 2025 మార్చి నాటికి 16,500 కోట్ల డాలర్లకు పెరిగింది. అక్కడ 4 నానోమీటర్ల చిప్‌ల తయారీ మొదలైంది. జపాన్‌లోని కుమమోటోలో కర్మాగారం 2024లో ప్రారంభమైంది, జర్మనీలోని డ్రెస్డెన్‌లో నిర్మాణం సాగుతోంది. సరఫరా ఒక్కచోటే ఉండకూడదన్న ఆలోచనలో తప్పులేదు. 2021లో కార్ల కంపెనీలు చిప్‌లు దొరక్క ఉత్పత్తి ఆపుకున్న అనుభవం ఎవరూ మరిచిపోలేదు. కానీ తైపీలో ఇది మరోలా వినిపిస్తుంది. ప్రపంచానికి తమ అవసరం తగ్గేకొద్దీ తమను కాపాడాల్సిన అవసరమూ తగ్గుతుందేమోనన్న ఆందోళన అక్కడ ఉంది. సరికొత్త తరం చిప్‌ల తయారీ ముందు స్వదేశంలోనే మొదలవ్వాలన్న తైవాన్ పట్టుదలకు మూలం ఇదే.

తైవాన్ కూడా తన వంతు దూరం జరుగుతోంది. 2020లో దాని ఎగుమతుల్లో దాదాపు 44 శాతం చైనా, హాంకాంగ్‌లకు వెళ్లేవి. 2023 నాటికి ఆ వాటా 35 శాతానికి తగ్గింది.

బీజింగ్ వైపు నుంచి ఈ మార్పులన్నిటినీ కలిపి చూస్తే ఒకే జవాబు దొరకదు. సొంత చిప్ పరిశ్రమ త్వరలో అందుకుంటుందని నమ్మితే వేచి ఉండటం లాభం. అమెరికా తన అవసరాలు తీర్చుకున్నాక తైవాన్‌ను పట్టించుకోదని అనుకున్నా వేచి ఉండటమే లాభం. కృత్రిమ మేధలో అంతరం ఏటా పెరిగి, తర్వాత ఎన్నటికీ అందుకోలేమన్న నిర్ధారణకు వస్తే మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఇలాంటి చోట ప్రత్యర్థి సంకేతాలు స్పష్టంగా ఉండటం చాలా అవసరం. ఆచరణలో అవి స్పష్టంగా లేవు. చైనా కోసమే సామర్థ్యం తగ్గించి రూపొందించిన అమెరికా సంస్థ ఎన్‌విడియా హెచ్20 చిప్ అమ్మకాలను అమెరికా 2025 ఏప్రిల్‌లో అడ్డుకుని, జులైలో మళ్లీ అనుమతిస్తామంది. అదే నెలాఖరులో చైనా నియంత్రణ సంస్థ ఆ చిప్‌ల భద్రతపై వివరణ ఇవ్వాలని ఎన్‌విడియాను పిలిపించింది. తలుపు తెరిచినా లోపలికి వెళ్లే ఉద్దేశం పెద్దగా లేదని దాని అర్థం. అమెరికా చిప్‌లు ఎప్పుడైనా ఆగవచ్చన్న అంచనా చైనాలో స్థిరపడిపోయింది.

దండయాత్ర కన్నా దిగ్బంధం

యుద్ధం అనగానే జలసంధి దాటి వచ్చే సేనలు గుర్తుకొస్తాయి. చిప్‌ల కోణంలో చూస్తే అంతకన్నా తక్కువ స్థాయి ఘర్షణే ఎక్కువ ఆలోచించదగినది. తైవాన్ తన ఇంధన అవసరాల్లో దాదాపు 97 శాతం దిగుమతి చేసుకుంటుంది. విద్యుత్తులో 40 శాతానికి పైగా సహజవాయువు నుంచి వస్తుంది, ఆ వాయువు నిల్వలు 11 రోజుల ప్రాంతంలోనే ఉంటాయి. 2025 మే 17న చివరి అణు రియాక్టర్ కూడా ఆగిపోయింది. వాయువును దించే టెర్మినళ్లు, షించూ నుంచి తైచుంగ్, తైనాన్, కావోషింగ్ వరకు ఉన్న ప్రధాన ఫ్యాబ్‌లు అన్నీ చైనాకు ఎదురుగా ఉన్న పశ్చిమ తీరంలోనే ఉన్నాయి.

కరెంటు కొద్దిసేపు పోయినా దశల మధ్యలో ఉన్న వేఫర్లు పాడవుతాయి. 1999 సెప్టెంబరు 21 భూకంపం తర్వాత షించూలో కొన్ని రోజులు విద్యుత్తు నిలిచిపోతేనే ప్రపంచ మార్కెట్లో మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి. 2024 ఏప్రిల్ 3న పాతికేళ్లలోనే అతి పెద్ద భూకంపం వచ్చినప్పుడు, పది గంటల్లో 70 శాతానికి పైగా యంత్రాలను మళ్లీ పనిలోకి తెచ్చామని టీఎస్ఎంసీ ప్రకటించింది. ప్రకృతి విపత్తుకు సంస్థ ఎంతగా సిద్ధపడి ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. కానీ ఓడలు నెల రోజులు రాకపోతే ఆ సన్నద్ధత పనిచేయదు.

2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ అప్పటి స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ పర్యటన తర్వాత చైనా జరిపిన విన్యాసాలు, 2024, 2025లలో తైవాన్ చుట్టూ జరిగిన విన్యాసాలు దిగ్బంధానికి కసరత్తులా కనిపించాయి. తనిఖీల పేరుతో ఓడలను నిలిపివేయడం వంటి చర్యకు యుద్ధ ప్రకటన అక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తగ్గవచ్చు. ఆర్థికంగా బలహీనపడిన పాలకులకు ఇది తక్కువ ఖర్చుతో ఎక్కువ ఒత్తిడి తెచ్చే మార్గంగా తోచే ప్రమాదం ఉంది. వాస్తవానికి ఖర్చు తక్కువేమీ కాదు. తైవాన్‌పై యుద్ధం వస్తే ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు 10 లక్షల కోట్ల డాలర్లు, అంటే దాదాపు పదో వంతు నష్టమని, దిగ్బంధమైతే 5 శాతం నష్టమని బ్లూమ్‌బర్గ్ ఆర్థిక నిపుణులు 2024 జనవరిలో అంచనా వేశారు. ఎగుమతుల మీద బతుకుతున్న, ఇంట్లో గిరాకీ లేని చైనాకు ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. మందగమనంలో ఉన్న చైనాను ఆపే బలమైన అంశం ఇదే. విదేశీ కొనుగోలుదారులు లేకపోతే దాని కర్మాగారాలు నడవవు.

పాత తరం చిప్‌లు, ఖనిజాలు

చర్చంతా 3, 2 నానోమీటర్ల చుట్టూ తిరుగుతున్నా, క్షిపణులు, కార్లు, విద్యుత్ పరికరాలు నడిచేది చాలావరకు పాత తరం చిప్‌లతో. వాటి తయారీని చైనా వేగంగా పెంచుతోంది. 2025 సెప్టెంబరు చివర్లో నెదర్లాండ్స్ ప్రభుత్వం చైనా యాజమాన్యంలోని చిప్ సంస్థ నెక్స్‌పీరియాపై తన నియంత్రణ విధించగా, అక్టోబరులో చైనా ఆ సంస్థ డాంగ్వాన్ కర్మాగారం నుంచి ఎగుమతులను ఆపింది. కొద్ది వారాల్లోనే కార్ల తయారీదారులు ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. చిప్‌లలో వాడే గాలియం, జెర్మేనియం ఎగుమతులకు 2023 ఆగస్టు నుంచి, కొన్ని అరుదైన భూమూలకాలకు 2025 ఏప్రిల్ నుంచి చైనా అనుమతులు తప్పనిసరి చేసింది. ఇలా ఎదుటివారి అవసరం రెండు వైపులా ఉన్నంతకాలం దెబ్బకు దెబ్బ అన్నట్లు సాగినా, ఇద్దరూ ఒక హద్దు దగ్గర ఆగుతున్నారు. 2025 అక్టోబరు 30న బుసాన్‌లో ట్రంప్, షీ భేటీ తర్వాత కొన్ని ఆంక్షలను ఏడాది పాటు పక్కనపెట్టడం అలాంటి విరామమే.

ఎవరు ముందు బయటపడతారు?

ఇద్దరూ ఒకరిపై ఒకరు పూర్తిగా ఆధారపడి ఉంటే యుద్ధం ఇద్దరికీ భరించలేనిది. ఇద్దరూ పూర్తిగా విడిపోతే నష్టం తగ్గుతుంది గానీ, చిప్‌ల వల్ల పుట్టే తొందర కూడా పోతుంది. ఆ రెండు స్థితుల మధ్య, ఒకరు సగం బయటపడి మరొకరు ఇంకా లోపలే ఉన్న దశలోనే లెక్కలు తప్పే అవకాశం ఎక్కువ. ముందుగా బయటపడినవారికి ధైర్యం వస్తుంది, వెనకబడినవారికి తొందర పుడుతుంది.

చైనా సొంతంగా ఈయూవీ స్థాయి యంత్రాన్ని తయారుచేసి, దానితో పెద్ద ఎత్తున చిప్‌లు తీయడానికి ఇంకా ఏళ్లు పట్టవచ్చు. అరిజోనాలో 2 నానోమీటర్లు, అంతకన్నా ఆధునికమైన చిప్‌లు తయారయ్యే మూడో కర్మాగారం ఈ దశాబ్దం చివరికి గానీ పూర్తిగా నడవదు, నడిచినా తైవాన్ ఉత్పత్తికి అది పూర్తి ప్రత్యామ్నాయం కాదు. చైనా స్థిరాస్తి అప్పుల భారం, జనాభా తగ్గుదల కూడా ఇదే కాలంలో మరింత బరువెక్కుతాయి. 1962లో వార్సాలో ఒక్క సమావేశంతో తొలగించగలిగినంత చిన్న అనుమానం కాదు ఇప్పుడున్నది. 2022 ఆగస్టులో తెగిపోయిన చైనా, అమెరికా ఉన్నత స్థాయి సైనిక సంప్రదింపులను 2023 నవంబరులో బైడెన్, షీ సమావేశంలో పునరుద్ధరించుకోవడానికి పదిహేను నెలలు పట్టింది. చిప్ ఆంక్షలు ఎక్కడ ఆగుతాయి, ఏం జరిగితే సడలుతాయి అన్నది చర్చించడానికి మాత్రం అలాంటి స్థిరమైన వేదిక ఇప్పటికీ ఏర్పడలేదు.